మాటకు బలము నిచ్చు మాటలు – జర్మనుల వాడుక



మన పాఠశాలలో చదివి, నేడు జర్మనీలో ఇంజనీరుగా నున్న పూర్వ విద్యార్థి యొకడు సెలవులకు వచ్చినప్పుడు నాకొక ముచ్చట చెప్పెను. అతడు అచటికి పోయిన క్రొత్తలో పొరుగింటి పెద్దాయనను భోజనమునకు పిలిచి పులిహోర వడ్డించెనట. ఎట్లున్నదని యడుగగా ఆయన “గన్ట్స్ గుట్” అనెనట. నిఘంటువు ననుసరించి ‘గన్ట్స్’ అనగా సంపూర్ణముగా, ‘గుట్’ అనగా మంచిది. మనవాడు పొంగిపోయి మఱునాడు మఱియొక గిన్నెడు పులిహోర పంపెను. కొన్ని నెలలు గడచిన గాని, ఆయన పలికిన తీరులో ఆ మాటకు “ఫరవాలేదు” అని మాత్రమే యర్థమని అతనికి తెలియలేదు!

గుణమును ఎక్కువచేసి చెప్పు మాటలు ప్రతి భాషలోను కలవు. మనకు ‘చాల’, ‘మిక్కిలి’, ‘ఎంతో’ అనునవి యున్నట్లు జర్మనులకు ‘జేర్’ అను మాట కలదు. ‘జేర్ గుట్’ అనిన చాల మంచిది. ఈ ‘జేర్’ పుట్టుక వింతయైనది. ప్రాచీన జర్మను భాషలో దీనికి ‘బాధతో’ అని యర్థము. పుండుపడి నొప్పి పెట్టుటను తెలుపు ఆంగ్లపదము ‘సోర్’ దీనికి జ్ఞాతియే. “బాధ కలుగునంతగా” అను భావము క్రమముగా “మిక్కిలి” అను భావముగా మాఱినది. నేటి జర్మను దానిని పలుకునప్పుడు బాధను తలపోయడు. కాని దెబ్బ తగులని వానిని ‘ఉన్‌ఫెర్‌జేర్ట్’ అనుటలో ఆ పాత యర్థము ఇంకను దాగియున్నది.

ఇట్టి మాటలకు ఒక స్వభావము కలదు. వాడగా వాడగా నాణెమువలె అరిగిపోవును. అప్పుడు జనులు మఱింత ఘాటైన మాటను వెదకికొందురు. అందుచేతనే జర్మనులు భయమును తెలుపు ‘ఫుర్ష్ట్‌బార్’ అను పదమును మంచి మాటకును ముందు చేర్చుదురు. ‘ఫుర్ష్ట్‌బార్ నెట్’ అనగా అక్షరార్థమున “భయంకరముగా మంచివాడు”. భావమున “ఎంతో మంచివాడు”. నవ్వకుడు! మనము ‘చెడ్డ ఆకలి’, ‘చెడ్డ హుషారు’ అనుట లేదా? అచట చెడుగు ఎక్కడనున్నది?

జర్మనులకు మిక్కిలి ప్రియమైనది రెండవ పద్ధతి. ఒక వస్తువు పేరును గుణవాచకమునకు ముందు అతికించి సమాసము చేయుదురు. మంచువలె చల్లనిది ‘ఐస్‌కాల్ట్’. ఈకవలె తేలికయైనది ‘ఫేడర్‌లైష్ట్’. మెఱుపువలె వడిగలది ‘బ్లిట్స్‌ష్నెల్’. కుక్కవలె అలసినవాడు ‘హుండెమ్యూడె’. మేకువలె క్రొత్తది ‘నాగెల్‌నాయ్’. వీనిలో పోలిక స్పష్టము. కాని ‘ష్టైన్’ అనగా రాయి. రాయివలె గట్టిదనుట సరియే. మహా ధనవంతుని కూడ ‘ష్టైన్‌రైష్’ అందురు. రాతికి ధనమెక్కడిది? ఇచట పోలిక కానరాదు, బలము మాత్రమే మిగిలినది. ఈ పదమును పలుకుటలో మెలకువ వలయును. రెండు భాగములను ఊది పలికిన గొప్ప ధనికుడు. మొదటి భాగమును మాత్రమే ఊది పలికిన రాళ్లు మెండుగా గల నేల!

పులిహోర కథలోని కిటుకును ఇట్టిదే. ‘గన్ట్స్’ను తేలికగా పలికి ‘గుట్’ను ఊదిన పొగడ్త తగ్గును. ‘గన్ట్స్ నాయ్’ అన్నచో మాత్రము పూర్తిగా క్రొత్తదనియే యర్థము. కావున పరభాషను నిఘంటువుతోపాటు చెవితోను నేర్వవలెను.

ఇక మన సంగతి. కటిక చీకటి, పండు ముసలి, పచ్చి అబద్ధము, మండుటెండ – ఇవి మన ‘ష్టైన్‌రైష్’లు. మఱియు మనకు వేఱొక సొగసు కలదు. మాటను రెండుసార్లు పలికి బలము తెత్తుము. పగలు, పగలు కలిసి పట్టపగలు. కడ, కడ కలిసి కట్టకడ. క్రొత్త, క్రొత్త కలిసి క్రొంగొత్త. వ్యాకరణ తరగతిలో మీరు సంధి కార్యమని వల్లించినది ఇదియే.

ఇచట నా తప్పొకటి చెప్పవలెను. నేను ఆంధ్రదేశమున శిక్షణ పొంది ఈ తమిళసీమకు వచ్చిన క్రొత్తలో, పిల్లలు ‘రొంబ బాగున్నది’ అని వ్రాసిన వెంటనే ఎఱ్ఱసిరాతో కొట్టివేసెడివాడను. ఒక బాలిక, “అయితే ఏమి వ్రాయవలెను అయ్యవారూ?” అని యడిగెను. “చాల అని వ్రాయుము” అంటిని. మఱునాడు ఆమె వ్యాసమున పదునాలుగు ‘చాల’లు! తప్పు ఆమెది కాదు. ఒక మాటను లాగికొని, బదులుగా ఒక్కటియే యిచ్చితిని.

జర్మనులును పొరుగు మాటలను పుచ్చుకొనిరి. లాటిను నుండి ‘జూపర్’, గ్రీకు నుండి ‘మెగా’ వారి యువకుల నోట నిత్యము వినబడును. అయినను మంచును, మెఱుపును, రాతిని వారు విడువలేదు. పొరుగు మాట వచ్చుట నష్టము కాదు. అది వచ్చిన పిదప ఇంటి మాట మఱుగున పడుట నష్టము.

తల్లిదండ్రులకు ఒక మనవి. ‘కటిక చీకటి’ వంటి పలుకులు పాఠ్యపుస్తకములలో కొలదిగా, మీ యింటి అవ్వల నోట మెండుగా నున్నవి. ఈ సెలవులలో ప్రతి విద్యార్థియు అట్టివి పది విని వ్రాసికొని రావలెను. ‘చాల’ అను మాట లేక ఒక పుట వ్రాయుటయే బడి తెఱచిన తరువాత మన మొదటి పాఠము.