తెర మీది చదువు చదువేనా?

"ఆన్‌లైన్‌లో తెలుగు నేర్చుకుంటే అది నిజమైన చదువు అవుతుందా?" డర్బన్‌లో పిల్లల్ని తెలుగు తరగతికి పంపే తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. మీరూ అడిగే ఉంటారు.

గురువు ఎదురుగా లేకపోతే చదువు రాదని మన దక్షిణాఫ్రికాలో ఎవరూ అనలేరు. యూనిసా విశ్వవిద్యాలయం 1946 నుంచి దూరవిద్య నేర్పుతోంది. నెల్సన్ మండేలా ఖైదులో ఉండగానే, 1989లో, అక్కడి నుంచి న్యాయశాస్త్ర పట్టా పొందారు. రాబెన్ ద్వీపంలో ఎందరో ఖైదీలు అలాగే ఉత్తరాల ద్వారా చదివారు. అధికారులు శిక్షగా చదువుకునే అనుమతిని తీసేసేవారు. అయినా చదువు సాగింది.

ఎలా సాగింది? వాళ్లు పాఠం చదివి ఊరుకోలేదు. జవాబులు రాసి పంపారు. సున్నపురాయి గనిలో పని చేస్తూ, తెలిసినవారు తెలియనివారికి చెప్పారు. వాదించుకున్నారు. గురువు దూరంగా ఉన్నా, అడిగేవారూ దిద్దేవారూ ఉన్నారు.

ఇక తెలుగు సంగతి చూడండి. 'కల' నిద్రలో వచ్చేది. 'కళ' అంటే నాట్యం, సంగీతం వంటిది. తెర మీద బొమ్మ చూసి సరైన మాట నొక్కడం తేలిక. పదికి పది మార్కులూ వస్తాయి. కాని మీ నోట 'కళ' బదులు 'కల' వస్తే వీడియోకు వినపడదు. గుడిలో పూజారిగారిని "నువ్వు ఎప్పుడు వచ్చావు?" అని అడిగితే, "'మీరు ఎప్పుడు వచ్చారు' అనాలమ్మా" అని చెప్పేది పక్కనున్న పెద్దమ్మే.

1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. ఆనాటి నుంచి చెరకు తోటలకు వచ్చిన మన పెద్దల తెలుగు ఇళ్లలో, గుళ్లలో, సాయంత్రం బడులలో నిలిచింది. ఈనాడు చాలా ఇళ్లలో మాట్లాడేది ఇంగ్లీషే. పాఠాలకు కొరత లేదు. మన మాట విని బదులు చెప్పే మనిషే కరువు.

కాబట్టి డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. నేను మాట్లాడితే వినేదెవరు? నేను రాస్తే దిద్దేదెవరు? తోటివారితో తెలుగులో మాట్లాడే సమయం ఎంత? మూడింటికీ సరైన జవాబు ఉంటే, గురువు రాజమండ్రిలో, విద్యార్థి కేప్‌టౌన్‌లో ఉన్నా అది చదువే. లేకపోతే, ఎంత అందమైన సర్టిఫికెట్ ఇచ్చినా అది వీడియో చూడడమే.

మన గుడి తరగతులకూ ఇదే పరీక్ష పెట్టండి. అందరూ కలిసి అఆలు వల్లించి ఇంటికి వెళ్లిపోతే, అక్కడా ఒక్కొక్కరి తప్పూ దిద్దేవారు లేనట్టే.

ఇప్పటికే వీడియో కోర్సు కొన్నారా? మానేయకండి. వారానికి ఒకసారి తెలుగు వచ్చిన పెద్దవారికి ఫోన్ చేయండి. ఆ వారం నేర్చుకున్న పది మాటలు వాడండి. తప్పు వస్తే అక్కడే ఆపి చెప్పమని అడగండి.