పొడుగు గ్లాసులో మజ్జిగ

రండర్రా, ఇలా అరుగు మీద సర్దుకు కూర్చోండి. మీ అమ్మానాన్నల్ని కూడా పిలవండి. ఇవాళ్టి కబురు ముఖ్యంగా వాళ్లకే.

నిన్న మధ్యాహ్నం మా ఐదేళ్ల మనవరాలికీ, ఎనిమిదేళ్ల దాని అన్నకీ ఒకేలాంటి రెండు గ్లాసుల్లో మజ్జిగ పోశాను. "సమానమేనా అమ్మడూ?" అంటే, బల్లకి గడ్డం ఆనించి చూసి, "సమానమే తాతా" అంది. దాని కళ్లముందే అన్న మజ్జిగని సన్నటి పొడుగు గ్లాసులోకి ఒంపాను. చుక్క ఒలకలేదు. "ఇప్పుడో?" అన్నాను. మూతి ముడుచుకుంది. "అన్నకే ఎక్కువ పోశావు!" వాడు పకపకా నవ్వాడు. మూడేళ్ల క్రితం తనూ ఇదే మాట అని అలిగిన సంగతి వాడికి గుర్తే లేదు.

పిల్లది మొండికేసిందనుకోకండి. దానికి నిజంగానే అలా తోస్తోంది. ఆ వయసులో చూపు ఎత్తు మీద పడితే వెడల్పు సంగతి జారిపోతుంది. రెండూ కలిపి ఆలోచించడం దాదాపు ఏడేళ్లకి గానీ కుదరదు.

ఈ సంగతి లోకానికి చెప్పినవాడు పియాజే. 1896లో స్విట్జర్లాండులో పుట్టాడు. కుర్రతనంలో నత్తల మీద పరిశోధన చేశాడు. తర్వాత పారిస్‌లో పిల్లల తెలివిని కొలిచే పరీక్షల పని చేతికొచ్చింది. అందరూ ఒప్పుల్ని లెక్కపెడుతుంటే ఆయన కన్ను తప్పుల మీద పడింది. ఒకే వయసు పిల్లలు ఒకేరకం తప్పులు చేస్తున్నారు! అంటే తప్పుకీ ఒక పద్ధతి ఉందన్నమాట. ఆ తర్వాతి కాలంలో తన ముగ్గురు బిడ్డల్నీ ఉయ్యాల దగ్గర్నుంచే గమనించి పుస్తకాలు రాశాడు. బొమ్మ మీద గుడ్డ కప్పేస్తే చంటిపిల్ల దాన్ని వెతకదు. ఎనిమిది నెలలు వచ్చాక గుడ్డ లాగి చూస్తుంది. మనం దోబూచులాడితే కిలకిలమనే పసివాడు కూడా, కంటికి కనబడకపోయినా ఉన్నది ఉంటుందన్న ఈ పాఠమే నేర్చుకుంటున్నాడు.

అయితే పియాజే మాటే ఆఖరి మాట కాదు. ఎడింబరోలో మార్గరెట్ డొనాల్డ్‌సన్ అనే ఆవిడ 1978లో పిల్లల మనసుల గురించి ఒక పుస్తకం రాసింది. అందులో ఒక ప్రయోగం ఉంది. రెండు వరసల్లో సమానంగా బిళ్లలు పేర్చి, పెద్దవాళ్లు ఒక వరసని జరిపి, రెండూ సమానమేనా అని మళ్లీ అడిగితే పిల్లలు ఎక్కువగా తప్పు చెప్పారు. అదే ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి వరస చెదరగొట్టినట్టు ఆడితే, చాలామంది సరిగ్గా చెప్పారు. ఎందుకంటారు? పెద్దాయన కావాలని జరిపి, అడిగిందే మళ్లీ అడుగుతున్నాడంటే జవాబు మార్చమంటున్నాడు కాబోలని పిల్లలు అనుకుంటారు. చూశారా! పిల్లలు మన ప్రశ్నతో పాటు మన మొహాన్నీ చదువుతారు.

బాధలో ఉన్న పిల్లల్ని ఓదార్చే విద్యకి కూడా పిల్లల వైపు నుంచి చూడడమే పునాది. అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లైన్ 1964లో డిబ్స్ అనే పిల్లవాడి కథ రాసింది. బళ్లో బల్ల కింద దూరేవాడు, ఎవరితోనూ కలిసేవాడు కాదు. బుద్ధి ఎదగలేదేమోనని పెద్దలు భయపడ్డారు. ఆవిడ వాణ్ణి గుచ్చి గుచ్చి అడగలేదు. వారానికి ఒక గంట ఆటగదిలో ఇసుక, రంగులు, బొమ్మల మధ్య వదిలి పక్కన కూర్చుంది. వాడు కోపపడితే, కోపమొచ్చిందని గుర్తించింది. మెల్లగా వాడి లోపలి మాటంతా ఆటలో బయటికొచ్చింది. వాడు ఎంత తెలివైనవాడో అప్పుడు తెలిసింది.

మన చలం రాసిన 'బిడ్డల శిక్షణ' కూడా ఇంట్లో ఉండవలసిన పుస్తకమే. అయితే పుస్తకం డాక్టరు కాదు. పిల్లకి మాట రావడం ఆలస్యమైనా, ఉన్నట్టుండి ముడుచుకుపోయినా వైద్యుడికి చూపించండి.

నిన్న మజ్జిగ దగ్గర నేను వాదన పెట్టుకోలేదు. "ఎందుకు ఎక్కువంటున్నావమ్మా?" అన్నాను. "ఇది ఇంత పొడుగుందిగా" అని చేత్తో కొలిచి చూపించింది. దాని ఆలోచన మొత్తం ఆ చేతిలో కనిపించింది నాకు. మీరూ అంతే చెయ్యండి. పిల్ల తప్పు చెప్పినప్పుడు దిద్దే ముందు, ఎందుకలా అనుకుందో ఒక్కసారి అడగండి. అడిగాక, జవాబు పూర్తయ్యేదాకా వినండి.