మీకు తెలుసా? బెల్‌ఫాస్ట్ కాలిబాట మీది నాచు అంటార్కిటికాలోనూ బతుకుతుంది

బెల్‌ఫాస్ట్ కాలిబాటల రాళ్ల సందుల్లో వెండి మెరుపుతో కనిపించే చిన్న నాచు పేరు బ్రయమ్ అర్జెంటియం. జనం తొక్కుకుంటూ పోయే ఈ మొక్క అంటార్కిటికాలోనూ పెరుగుతుంది.

అంత చలిని ఎలా తట్టుకుంటుంది? కరిగి మళ్లీ గడ్డకట్టే వేళ మంచు స్ఫటికాలు పెద్దవై కణాల పొరలను దెబ్బతీస్తాయి. ఆ స్ఫటికాలను పెరగనివ్వని ప్రోటీన్లు అంటార్కిటికాలోని ఈ నాచులో దొరికాయి. తీరా చూస్తే వాటి జన్యువులు నాచువి కావు, దాని ఆకులను అంటిపెట్టుకున్న బ్యాక్టీరియావని 2016లో వెలువడిన పరిశోధన తేల్చింది. చలికాలానికి అరువు దుప్పటి అన్నమాట!

పోలియా న్యూటన్స్ అనే మరో నాచుది వేరే దారి. అంటార్కిటికాలో సేకరించిన దాని జన్యుక్రమం 2022లో వెలువడింది. అందులో 40 వేలకు పైగా జన్యువులున్నాయి. అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడే ఫ్లేవనాయిడ్ల తయారీకి సంబంధించిన జన్యు కుటుంబాలు బాగా విస్తరించాయి. ధ్రువ ప్రాంతంలో చలి ఒక్కటే శత్రువు కాదు మరి.

నాచులతో బెల్‌ఫాస్ట్‌కు పాత చుట్టరికమే ఉంది. జాన్ ఫ్రాంక్లిన్ రెండో ఆర్కిటిక్ భూయాత్రలో (1825–27) సహాయ ప్రకృతి శాస్త్రవేత్తగా వెళ్లిన థామస్ డ్రమండ్, ఉత్తర అమెరికా నాచుల నమూనాలను సంపుటాలుగా కూర్చాడు. ఆ తర్వాత కొన్నేళ్లు బెల్‌ఫాస్ట్ బొటానిక్ గార్డెన్‌కు క్యూరేటర్‌గా పనిచేశాడు.

నాచుల ఓర్పుకు రికార్డు లాంటిది అంటార్కిటికా ప్రాంతంలోని సిగ్నీ దీవిలో బయటపడింది. అక్కడ దాదాపు 1,500 ఏళ్లు గడ్డకట్టి ఉన్న నాచు ప్రయోగశాలలో మళ్లీ చిగురించిందని 2014లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ప్రకటించారు.