పుట్టి తిరిగే నీళ్లలో పడవ పందెం పెడితే..!

పరుగు, సైకిల్, పడవ.. మూడూ ఒకే రోజు
ఆనెగుంది గుట్టల్లో అన్నీ ఉన్నాయి
లైఫ్ జాకెట్, అనుమతి ఉంటేనే ముందడుగు

గంగావతి: ముందు కొండదారిలో పరుగు. దిగీ దిగగానే సైకిల్. సైకిల్ అవతల పారేసి పడవెక్కి తెడ్డు పట్టాలి. మధ్యలో గడియారం ఆగదు. బూట్లు మార్చుకున్న సమయం కూడా లెక్కలోకే వస్తుంది. 'మల్టీస్పోర్ట్' అనే ఈ పందేలకు ప్రపంచంలో పేరు తెచ్చిపెట్టిన దేశం న్యూజిలాండ్. దానికి కావలసిన కొండ, మట్టిదారి, నీళ్లు మాత్రం గంగావతి చుట్టుపక్కల క్యాంపుల్లో స్థిరపడిన తెలుగువాళ్లకు కూతవేటు దూరంలోనే ఉన్నాయి.

గంగావతి నుంచి ఆనెగుంది రోడ్డు పట్టుకుంటే కాసేపు రెండు వైపులా వరి మళ్లే. తర్వాత ఒక్కసారిగా గుండ్లు మొదలవుతాయి. ఎవరో పేర్చి పెట్టినట్టు రాయి మీద రాయి. అంజనాద్రి, పంపా సరోవరం, హనుమనహళ్లి, ఆపైన సాణాపుర చెరువు. నిజానికి అది చెరువు కాదు, తుంగభద్ర ఎడమ కాలువ మీద కట్టిన జలాశయం. అయినా జనం నోట చెరువే. హంపీకి వచ్చిన దేశ విదేశాల కుర్రాళ్లు ఇక్కడి గుండ్లు ఎక్కడానికి వీపున పరుపులు కట్టుకుని తిరుగుతుంటే 'వీళ్లకేం పని లేదా' అని మనవాళ్లు నవ్వుకున్న రోజులూ ఉన్నాయి.

1953లో తుంగభద్ర డ్యాం పూర్తయి కాలువలకు నీళ్లు వచ్చాక కోస్తా జిల్లాల రైతులు ఇటు వలస వచ్చారు. అక్కడ ఎకరం అమ్ముకుంటే ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు భూమి దొరికిన కాలం అది. గంగావతి, కారటగి, సింధనూరు, కంప్లి, సిరుగుప్ప వైపు వాళ్లు వేసుకున్న గుడిసెల వరుసలే 'క్యాంపు'లయ్యాయి. గుడిసెలు పోయి మేడలు లేచినా క్యాంపు అనే మాట పోలేదు. ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఆటంటే క్రికెట్, సంక్రాంతి వస్తే ముగ్గులు, కబడ్డీ. పక్కనున్న కొండ, చెరువు సెలవు రోజు చుట్టాలకు చూపించే వస్తువులే తప్ప ఆటస్థలం కాలేదు.

ఆ దేశంలో ఏం చేస్తారు?

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో 1983లో రాబిన్ జడ్కిన్స్ అనే ఆయన 'కోస్ట్ టు కోస్ట్' పందెం మొదలుపెట్టారు. పడమటి సముద్రం ఒడ్డున బయల్దేరి తూర్పు సముద్రం ఒడ్డుకు చేరాలి. మొత్తం 243 కిలోమీటర్లు. సుమారు 140 కిలోమీటర్లు సైకిల్, 70 కిలోమీటర్ల దాకా వైమకరిరి నదిలో కయాక్, మిగతాది పరుగు. పరుగంటే రోడ్డు మీద పరుగు కాదు. గోట్ పాస్ అనే కనుమ దాటాలి. ఏట్లో బండరాళ్ల మీద గెంతుకుంటూ, మోకాలి లోతు చల్లటి నీళ్లలో పదే పదే అటూ ఇటూ దాటుకుంటూ 30 కిలోమీటర్ల పైచిలుకు వెళ్లాలి. అక్కడ సైకిల్ భాగం ఎక్కువగా తారురోడ్డు మీదే. లావు టైర్ల మౌంటెన్ బైక్ వాడేది ఇదే కోవకు చెందిన చిన్న పందేల్లో.

మొదట రెండు రోజుల పందెంగా ఉన్న దానికి 1987లో ఒకే రోజులో ముగించే విభాగం జతచేశారు. స్టీవ్ గర్నీ అనే ఆటగాడు తొమ్మిదిసార్లు గెలిచాడు. వాటిలో ఏడు వరసగా 1997 నుంచి 2003 వరకు. ఈ రికార్డుల కంటే మనవాళ్లు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. నది భాగంలోకి దిగేవాళ్లు ఆ స్థాయి ప్రవాహంలో కయాక్ నడపగలరని ముందే ధ్రువపత్రం చూపాలి. అది లేకపోతే ఎంత వేగంగా పరుగెత్తేవాడైనా పందెంలో లేడు. నది పొంగిన ఏళ్లలో ఆ భాగాన్ని మార్చేసిన సందర్భాలూ ఉన్నాయి.

ఇంకో సంగతి, ఇద్దరు కలిసి జట్టుగా భాగాలు పంచుకోవచ్చు. వెనక సాయం చేసే బృందం వేరే. సైకిల్ పట్టుకుని నిలబడేది తమ్ముడు, అరటిపండు ఒలిచి ఇచ్చేది అమ్మ, పడవ మోసుకొచ్చేది స్నేహితుడు. చూడ్డానికి మన జాతర దగ్గర హడావుడిలాగే ఉంటుంది. ఊరి పందెంగా దీన్ని తెచ్చుకోవాలంటే పట్టుకోవాల్సింది ఈ ముక్కనే. 243 కిలోమీటర్లు అక్కర్లేదు. ఐదు కిలోమీటర్ల పరుగు, పదిహేను కిలోమీటర్ల సైకిల్, చెరువులో ఒక చుట్టు పడవ. ముగ్గురు కలిసి ఒక జట్టు. క్యాంపుకొకటి, పక్కనున్న కన్నడ ఊరికొకటి. పాలు పోసే కుర్రాడి సైకిల్ అయినా ఆ దారికి చాలు. కాకపోతే బ్రేకులు పడాలి, తలకు హెల్మెట్ ఉండాలి.

ఐదొందల ఏళ్ల విద్య

పడవల మాటకొస్తే, ఇక్కడి నీళ్లకు కొత్తగా ఎవరూ వచ్చి నేర్పక్కర్లేదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ రేవు గురించి రాశాడు. బెత్తంతో బుట్టలా అల్లి పైన తోలు కప్పిన గుండ్రటి పడవల్లో పదిహేను ఇరవై మంది ఎక్కి ఆనెగుందికి దాటేవారట. అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ కూడా ఎక్కించేవారట. తిన్నగా పోక తిరుగుతూనే ఉంటాయని కూడా గమనించాడు ఆ మహానుభావుడు. మనం పుట్టి అంటాం, కన్నడంలో హరిగోలు. తోలు పోయి ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి తప్ప అల్లిక అదే, తిరుగుడు అదే.

కయాక్ అలా కాదు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. తెడ్డుకు రెండు చివర్లా రెక్కలుంటాయి. కుడి, ఎడమ మార్చి మార్చి వేస్తే బాణంలా పోతుంది. నడుం తొట్రుపడితే బోర్లా పడుతుంది. పుట్టిలో తెడ్డు పక్కకు వేస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతారు. నీళ్లను ముందు నుంచి తనవైపు లాక్కోవాలి. రెండూ వేర్వేరు విద్యలు. ఖరీదైన కయాక్‌లు నాలుగు తెచ్చి నలుగురు నగర కుర్రాళ్లతో పందెం నడపడం కంటే, నీటి భాగంలో పుట్టి విభాగం కూడా పెడితే మేలు. రక్షణకు నిలబడేవాళ్లలోనూ పుట్టి నడిపేవాళ్లే ముందుండాలి. ఏ రాయి ఎక్కడ మునిగి ఉందో, సుడి ఎక్కడ పడుతుందో వాళ్లకు తెలిసినంత మ్యాపుకు తెలియదు.

ఆనెగుంది, తళవారఘట్ట మధ్య వంతెన కడుతుంటే 2009 జనవరిలో కూలింది. కూలీలు చనిపోయారు. ఇప్పుడు కడెబాగిలు–బుక్కసాగర వంతెన మీదుగా బళ్లు పోతున్నాయి. దాటించే పని తగ్గాక పుట్టివాళ్లకు పర్యాటకుల సవారీలే ఆధారమయ్యాయి. సాణాపురలో ఆ సవారీలు కూడా అనుమతుల చిక్కుల్లో పడుతూ లేస్తూ వచ్చాయి.

నీళ్లతో ఆటలా?

ఈ ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పర్యాటకురాలు సాణాపుర దగ్గర గుండు మీద నుంచి తుంగభద్రలోకి దూకి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈత వచ్చినంత మాత్రాన నది వచ్చినట్టు కాదు. పైనుంచి చూస్తే నీలంగా, నిశ్చలంగా కనిపించే మడుగు కింద బండల సందుల్లో ప్రవాహం లాగేస్తుంది. మరుసటి నెలలోనే సాణాపుర దగ్గర రాత్రివేళ పర్యాటకుల మీద దాడి జరిగింది. కాలువలోకి తోసేసిన వారిలో ఒకరు చనిపోయారు. పర్యాటకం పేరు చెప్పి ఊళ్లకు డబ్బు వస్తుందన్నంత సులువుగా భద్రత రాదని ఈ రెండు ఘటనలూ చూపాయి.

పైన డ్యాం ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు నదిలోకి లక్ష క్యూసెక్కులకు పైగా నీళ్లు వదలాల్సి వచ్చింది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో వారం రోజుల్లో తాత్కాలిక గేటు దించారు. ఆ వారం క్యాంపుల్లో కంటిమీద కునుకు లేదు. రెండు కార్ల పంట ఆ నీళ్ల మీదే మరి. వానాకాలంలో డ్యాం దిగువన పందెం అన్న మాటే ఎత్తకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నదికి ఇంకో హక్కుదారు కూడా ఉంది. డ్యాం నుంచి కంప్లి వంతెన దాకా 34 కిలోమీటర్ల నదిని 2015లో నీటికుక్కల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. మొసళ్లూ ఉన్నాయి. ఒడ్డున గుట్టల్లో చిరుతలు, ఎలుగులు తిరుగుతాయి. కాబట్టి చీకటితో పరుగు మొదలుపెడదాం, మైకులు పెడదాం అంటే అటవీశాఖ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. హంపీ ప్రపంచ వారసత్వ ప్రాంతం హద్దులు ఆనెగుంది వైపూ ఉన్నాయి. అక్కడ గుడారం వేయాలన్నా అడగాల్సిందే.

ఇవన్నీ చూస్తే దారి ఒకటే మిగులుతుంది. నదిని వదిలేయాలి. నీటి భాగం చెరువులోనే, అదీ సంబంధిత శాఖల లిఖితపూర్వక అనుమతి ఉంటేనే జరగాలి. కాలువలోకి ఎంత నీరు వదులుతున్నారో నీటిపారుదల శాఖను ఆ రోజు ఉదయం అడిగి తెలుసుకోవాలి. ఒడ్డున అంబులెన్స్, ప్రతి మనిషికీ కొలతకు సరిపడే లైఫ్ జాకెట్ ఉండాలి. నాన్న జాకెట్ పిల్లాడికి వేస్తే నీళ్లలో అది తలమీదుగా ఊడి వస్తుంది. పరుగు, సైకిల్ భాగాలు పొలాల గట్ల మీదుగా, కాలువ దారుల్లో తెల్లవారాకే సాగాలి.

సమయం ఎప్పుడంటే వ్యవసాయమే చెబుతుంది. మొదటి పంట కోత ముగిసి రెండో నాట్లు ఊపందుకోకముందు, డిసెంబరు చివరి వారాల్లో కాస్త తీరిక. చలికాలం, ఎండ బాధ లేదు. సంక్రాంతికి ఊరొచ్చే బెంగళూరు, హైదరాబాద్ కుర్రాళ్లను రెండు వారాలు ముందుగా రమ్మంటే జట్లకు మనుషులు దొరుకుతారు. అయితే దానికి నాలుగు నెలల ముందే ఈత పరీక్ష పెట్టాలి. లైఫ్ జాకెట్‌తో నీళ్లలో పడేసి, బోర్లా పడ్డ పడవను పట్టుకుని ఒడ్డుకు రాగలిగిన వాళ్ల పేర్లే రాసుకోవాలి. కాలువ గట్టున పుట్టి పెరిగి కూడా ఈత రాని పిల్లలు క్యాంపుల్లో ఎంతమందో ఆ రోజు తేలుతుంది.