బండి భాషకు ఒక దుబాసీ: ఓబీడీ స్కానర్ కొనే ముందు

డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగితే మన ఇళ్లలో సాధారణంగా రెండే జరుగుతాయి. "బండి బాగానే పోతోంది కదా" అని వదిలేస్తారు. లేదా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన స్కానర్ పెట్టి, ఏదో నంబర్ చూసి, "సెన్సార్ పోయింది సార్" అంటాడు. ఆ నంబర్ ఏంటో ఆయన చూపించడు, మనమూ అడగం. కొన్నిచోట్ల స్కానర్ పెట్టినందుకే విడిగా డబ్బులు తీసుకుంటారు. దాదాపు ఆ డబ్బుకే మనకు సొంతంగా ఒక చిన్న అడాప్టర్ వస్తుంది. ఏది కొనాలి, దాంతో ఏం తెలుస్తుంది, ఏం తెలీదు అన్నదే ప్రశ్న. సెకండ్ హ్యాండ్ కారున్న ఇల్లు, క్యాబ్ మీద నడిచే ఇల్లు మన క్లాసుల్లోనే చాలా ఉన్నాయి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు బండి సంగతి. ఓబీడీ అంటే ఆన్ బోర్డ్ డయాగ్నోస్టిక్స్. ఇది మెకానిక్‌ల కోసం పుట్టింది కాదు, కాలుష్య నియమాల కోసం పుట్టింది. పొగలో విషం పెరిగే పరిస్థితి వస్తే బండే కనిపెట్టి డ్రైవర్‌కు చెప్పాలన్నది ఉద్దేశం. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి ఓబీడీ-2 తప్పనిసరి. మన దగ్గర బీఎస్-4 నియమాలు 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో సహా కొన్ని నగరాలకే వచ్చాయి. ఆ బండ్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 ఉండాలన్నారు. దేశమంతటికీ బీఎస్-4 వచ్చింది 2017లో. ఇక్కడ ఒక మెలిక ఉంది. జిల్లాలో కొన్న 2015 మోడల్ బండి బీఎస్-3 అయి ఉండొచ్చు. అప్పుడు 16 పిన్నుల సాకెట్ కనిపించినా అది ప్రామాణిక భాష మాట్లాడుతుందన్న గ్యారంటీ లేదు. కాబట్టి సంవత్సరం కాదు, ఆర్సీలో బీఎస్-4 అని ఉందో లేదో చూడండి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండ్లకు ఈ బెంగ లేదు.

సాకెట్ ఎక్కువగా స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాలి దగ్గర ఉంటుంది. 16వ పిన్నులో బ్యాటరీ ప్లస్, 4, 5 పిన్నుల్లో ఎర్త్, 6, 14 పిన్నుల్లో క్యాన్ బస్. 16వ పిన్నుకు కరెంటు తాళం తీసేసినా వస్తూనే ఉంటుంది. ఇది గుర్తుంచుకోండి, కింద అవసరం పడుతుంది.

ఇక బజార్లో దొరికేవి. ఆన్‌లైన్‌లో ఐదొందలకూ, అంతకన్నా తక్కువకూ అమ్మే నీలం, నలుపు బ్లూటూత్ డబ్బాలన్నిటి మీదా "ఈఎల్ఎం327" అని ఉంటుంది. అది కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ చేసిన చిప్ పేరు. బండి మాట్లాడే రకరకాల ప్రొటోకాల్స్‌ని మామూలు సీరియల్ అక్షరాలుగా మార్చి ఫోన్‌కు చెప్పే దుబాసీ అన్నమాట. దాని మొదటి వెర్షన్‌లో కోడ్‌కి తాళం వేయలేదు, కాపీ కొట్టేశారు. అప్పటి నుంచి ప్రపంచమంతా ఆ కాపీలే. అసలు కంపెనీ 2022లో మూతపడింది, కాపీలు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి. తమాషా ఏంటంటే, అసలు కంపెనీ 1.5 అనే వెర్షన్ ఎన్నడూ విడుదల చేయలేదు. అయినా బజార్లో "ఒరిజినల్ వెర్షన్ 1.5" అని గొప్పగా రాసి అమ్ముతారు!

అయితే కాపీ అని తీసి పారేయక్కర్లేదు. క్యాన్ బస్ ఉన్న కొత్త బండిలో కోడ్ చదవడానికి చాలా కాపీలు సరిపోతాయి. చిక్కంతా పాత ప్రొటోకాల్స్ దగ్గర. "2.1" అని రాసి ఉన్న కాపీల్లో చాలావాటికి కొన్ని కమాండ్లు అసలు రావు. కొన్ని కే-లైన్ వాడే పాత బండ్లతో మాట్లాడలేవు.

కొనేటప్పుడే దీన్ని పట్టుకోవచ్చు. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్ ఫోన్లకీ, వాటి సామాన్లకీ పేరు. అలాంటి చోట అడాప్టర్ కనిపిస్తే కారు వేసుకెళ్లి పరీక్షించడం అయ్యే పని కాదు, ఆబిడ్స్‌లో పార్కింగ్ దొరికే లోపు షాపు మూసేస్తారు. దానికి బదులు కోఠీ గుజరాతీ గల్లీలాంటి ఎలక్ట్రానిక్స్ సామాన్ల గల్లీలో ఒక ఆడ ఓబీడీ కనెక్టర్ అడగండి, దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. 16వ పిన్నుకు 12 వోల్టుల ప్లస్, 4, 5 పిన్నులకు మైనస్ ఇచ్చే వైర్లు సోల్డర్ చేసుకుంటే చాలు, చిన్న 12 వోల్టుల బ్యాటరీతో అడాప్టర్ నిద్ర లేస్తుంది. బ్లూటూత్ పిన్ అడిగితే 1234 గానీ 0000 గానీ. ఏ కమాండ్లకు జవాబిస్తోందో వరుసగా పరీక్షించే ఐడెంటిఫయర్ యాప్‌లు ప్లే స్టోర్‌లో ఉన్నాయి. సగం కమాండ్లకు ప్రశ్నార్థకం పెడితే "నక్కో భాయ్" అని తిరిగి ఇచ్చేయండి. ఈసీఈ వాళ్లు మీ గ్యాంగ్‌లో ఉంటే ఇది అరగంట పని.

ఐఫోన్ వాళ్లకు ఒక మాట. మామూలు పాత రకం బ్లూటూత్ అడాప్టర్ ఐఫోన్‌తో కలవదు. వైఫై రకం గానీ, బ్లూటూత్ లో ఎనర్జీ రకం గానీ చూసుకోవాలి. ఫోన్ గొడవే వద్దనుకుంటే సొంత స్క్రీన్ ఉన్న చేతి రీడర్లు రెండు మూడు వేలలో వస్తాయి. నాన్నలకు అవే నచ్చుతాయి. కానీ గ్రాఫ్ గీసి చూడాలంటే ఫోనే మేలు.

ఓబీడీ సాకెట్‌లో పెడితే మైలేజీ పెరుగుతుందని అమ్మే డబ్బాల జోలికి మాత్రం పోకండి. అలాంటివాటిని విప్పి చూసినవాళ్లకు లోపల లైట్లు మిణుకు మిణుకుమనిపించే చిప్ తప్ప, క్యాన్ బస్‌తో మాట్లాడే భాగమే కనిపించలేదు.

ఇప్పుడు కోడ్ చదవడం. ఇది పద్యానికి ప్రతిపదార్థం చెప్పుకోవడం లాంటిదే. పీ0301 తీసుకోండి. "పీ" అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ వైపు. "బీ" అయితే బాడీ, "సీ" అయితే ఛాసిస్, "యూ" అయితే నెట్‌వర్క్. తర్వాతి సున్నా అంటే అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్, 1 అయితే ఆ కంపెనీ సొంతం. 3 అంటే ఇగ్నిషన్, మిస్‌ఫైర్ గుంపు. చివరి 01 మొదటి సిలిండర్. మొత్తం అర్థం: మొదటి సిలిండర్‌లో మంట సరిగా అంటుకోవట్లేదు. గమనించండి, "కాయిల్ మార్చు" అని ఎక్కడా లేదు. ప్లగ్ కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. కోడ్ లక్షణం చెబుతుంది, రోగం చెప్పదు. రెండు సిలిండర్ల కాయిల్స్ అటూ ఇటూ మార్చి చూడండి. కోడ్ పీ0302 అయితే తప్పు కాయిల్‌ది. ఖర్చు సున్నా. ఇంజిన్ లైటు వెలిగి ఆగకుండా ఆరి ఆరి వెలుగుతుంటే మాత్రం ప్రయోగాలు వద్దు. కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని మాడ్చేస్తుంది, అది చాలా ఖరీదైన భాగం.

కోడ్ కన్నా విలువైనది లైవ్ డేటా. యాప్ "01 0సీ" అని అడిగితే బండి "41 0సీ 1ఏ ఎఫ్8" అంటుంది. చివరి రెండు బైట్లు కలిపితే 6904, నాలుగుతో భాగిస్తే 1726 ఆర్పీఎం. ఫస్టియర్‌లో హెక్సాడెసిమల్ ఎందుకురా అనుకున్నవాళ్లకు జవాబు ఇదే.

మా రూమ్మేట్ వాళ్ల నాన్నగారు క్యాబ్ నడుపుతారు. పొద్దున నాంపల్లి స్టేషన్‌లో రైళ్లు దిగే టైముకి అక్కడ లేకపోతే ఆ రోజు సగం సంపాదన పోయినట్టే. లైటు వెలిగిందని ఒక గ్యారేజీలో చూపిస్తే ఆక్సిజన్ సెన్సార్ మార్చారు. నాలుగో రోజు మళ్లీ వెలిగింది. ఈసారి ఇంకా పెద్ద లిస్టు చెప్పారు. మావాడు అడాప్టర్ పెట్టి చూశాడు. పీ0171, అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. బండి నిలబడి ఉన్నప్పుడు ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 22 శాతం. 2500 ఆర్పీఎం దగ్గర ప్లస్ 4కి పడిపోయింది. ఫ్యూయల్ ట్రిమ్ అంటే కంప్యూటర్ లెక్క ప్రకారం పోయాల్సిన దానికంటే ఎంత ఎక్కువ పోస్తోందన్నది. ఎక్కడో చిల్లు ఉండి దొంగగాలి వస్తుంటే, ఇంజిన్ తక్కువ గాలి పీల్చే ఐడిల్‌లో దాని ప్రభావం ఎక్కువ, ఎక్కువ పీల్చేటప్పుడు తక్కువ. అదే పంపో ఫిల్టరో బలహీనమైతే దీనికి సరిగ్గా తిరగబడుతుంది. వెతికితే ఇన్‌టేక్ దగ్గర ఒక రబ్బరు పైపు పగిలి ఉంది. "పైపు పగిలిందని చెప్తే పోయేది కదా బిడ్డా, అంత పైసలు ఎందుకు పెట్టించిన్రు" అన్నారట అంకుల్. (ఈ లెక్క ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉన్న బండ్లకే బాగా కుదురుతుంది. మ్యాప్ సెన్సార్ మీద నడిచే బండ్లలో అదే చిల్లు ఐడిల్ ఆర్పీఎం పెరగడంగా కనిపించొచ్చు.)

చవక అడాప్టర్‌తో అందనివి కూడా ఉన్నాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఇమ్మొబిలైజర్ కంపెనీల సొంత భాషలో మాట్లాడతాయి, మామూలు యాప్‌కు చాలాసార్లు అందవు. "నో కోడ్స్" అని వచ్చినంత మాత్రాన బ్రేకులు బాగున్నాయని కాదు. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే ఇంట్లో వైర్లు కదపకండి, సరైన స్కానర్ ఉన్నచోటికే తీసుకెళ్లండి.

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తుంటే మాత్రం అడాప్టర్ జేబులో ఉండాల్సిందే. ఆ రోజు పొద్దున్నే కోడ్స్ చెరిపేసి, లైటు లేకుండా బండి చూపించడం ఎవరికైనా రెండు నిమిషాల పని. అయితే కోడ్స్ చెరిపితే రెడీనెస్ మానిటర్లు కూడా "పూర్తి కాలేదు" అన్న స్థితికి వెళ్తాయి. "కోడ్స్ చెరిపాక తిరిగిన దూరం" అన్న లెక్క కూడా సున్నా నుంచి మొదలవుతుంది. అది 6 కిలోమీటర్లు చూపిస్తుంటే ఎందుకని అడగండి. బ్యాటరీ తీసి పెట్టినా ఇలా కావచ్చు, కాబట్టి దొంగతనం అంటగట్టక్కర్లేదు. నాలుగు రోజులు తిరిగాక మళ్లీ చూస్తామని చెప్పండి. అమ్మేవాళ్లు దానికి ఒప్పుకోకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి.

పని అయిపోగానే అడాప్టర్ పీకేయండి. ఇందాక చెప్పిన 16వ పిన్ను రాత్రంతా దానికి కరెంటు ఇస్తూనే ఉంటుంది, వారం కదలని బండి బ్యాటరీ దిగిపోవచ్చు. పైగా పాస్‌వర్డ్ లేని వైఫై రకమైతే పక్క బండివాడి ఫోన్ కూడా దానికి కలిసిపోతుంది.

కోడ్ తర్వాత కావాల్సింది వైరింగ్ బొమ్మ, ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్. పీడీఎఫ్‌లు ఫోన్‌లో చూడొచ్చు గానీ బానెట్ కింద గ్రీజు చేతులతో కాగితమే సుఖం. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల్లో నవలల కోసం ఎలాగూ వెళ్తాం కదా, ఆటోమొబైల్ కుప్ప కూడా ఒకసారి తిరగేయండి. మీ మోడల్ పుస్తకం దొరక్కపోయినా ఫ్యూయల్ ఇంజెక్షన్ మీద పాత టెక్స్ట్‌బుక్ తగిలితే బేరమాడి తెచ్చుకోండి. సెన్సార్లు పని చేసే పద్ధతి అందులో ఉన్నదే.