ఇంటిని సీసము బారినుండి కాపాడుకొనుట



చేనుకు తెగులు పట్టిందేమోనని పొద్దున్నే గట్టుమీదికి పోతారు. ఆకు తిప్పి చూస్తారు, మొదలు తవ్వి చూస్తారు. మరి ఇంటిని ఎప్పుడైనా అట్లా చూచినారా? ఇంట్లో దాగి ఉండే సీసమనే విషాన్ని గురించి, దాన్ని కనిపెట్టే తీరును గురించి ఈవేళ చెప్పుకొందాం.

ముందు నా తప్పు చెబుతాను. చెల్లెలి పెండ్లికని మేడ్చల్ దగ్గరి మా పాత ఇంటి తలుపులు గీకించినాను. తాతల నాటి తలుపులు, పొరమీద పొర నూనె రంగు. రాలిన పెచ్చులను పెంటకుప్పలో పోయించినాను. విరిగిన కిటికీ చెక్కలతో నీళ్లు కాచుకొన్నాం, ఆ బూడిదతోనే గిన్నెలు తోమినాం. రెండేండ్ల మా అన్న బిడ్డ ఆ వాకిట్లోనే ఆడుకొంటూ వేళ్లు నోట్లో పెట్టుకొంటూ ఉంది. కొన్నాళ్లకు పిల్ల పాలిపోయి, అన్నం సయించక పోతే దవాఖానకు తీసుకపోయినాం. “ఈమధ్య ఇంటికి మరమ్మతు చేయించినారా?” అని డాక్టరు గారు అడిగినారు. రక్తం పరీక్షలో సీసం బయటపడింది. మట్టి నమూనా ఎట్లా తీయాలో ఊరూర చెప్పే నాకు, మా వాకిలి మట్టి సంగతి తోచలేదు!

రంగు త్వరగా ఆరాలని, నిగనిగలాడాలని, చాలాకాలం నిలవాలని పూర్వం అందులో సీసపు పదార్థాలు కలిపేవారు. పసుపు, ఎరుపు రంగులలో ఇది మరీ ఎక్కువ. అమెరికాలో ఇండ్ల రంగులకు 1978లోనే దీన్ని నిషేధించినారు. మన దేశంలో ఇండ్లకు వేసే రంగులో పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసం ఉండరాదన్న నియమం 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. కనుక అంతకు ముందు వేసిన నూనె రంగునంతా అనుమానించవలెను. ఉత్త సున్నం గోడతో ఈ భయం లేదు.

పెద్దల కంటె చిన్నపిల్లల కడుపు మింగిన సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకొంటుంది. అది ఎముకలలో చేరి నిలుస్తుంది, మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. చాలా సార్లు పైకి ఏ గుర్తూ కనబడదు. ఇంత ఉంటే భయం లేదనే మోతాదే లేదు. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే ఎక్కడినుండి వస్తున్నదో వెదకి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది.

ఇక ఇల్లు చూచే తీరు. రంగులోని సీసాన్ని క్షణంలో కొలిచే ఎక్స్‌రే పరికరాలున్నాయి. అది మన వాకిట్లోకి వచ్చేదాకా ఆగనక్కరలేదు. పిల్లవాడి ఎత్తున కూర్చుని చూడండి. తలుపు దర్వాజాకు రాసుకొనే చోటు, కిటికీ అడుగు చెక్క, గడప, మంచం కోళ్లు: రంగు పొడిగా రాలేది ఇక్కడే. తర్వాత గోడ వెంబడి నేల చూడండి. పంటకు మట్టి నమూనా జానెడు లోతునుండి తీస్తాం. పైనుండి పడ్డ సీసమైతే పై పొరలోనే పేరుకొంటుంది, పిల్లల చేతికి అంటేదీ ఆ పొరే. ఆపైన ఇంటివారి పని విచారించండి. పాత ట్రాక్టరు బ్యాటరీ పగలగొట్టడం, వలకు కట్టే సీసపు గుండ్లు పొయ్యిమీద కరిగించడం ఉంటే ఇంటిదాకా రానీయవద్దు. పారేసిన బ్యాటరీని నాకిన పశువు పండ్లు కొరుకుతుంది, కండ్లు కనబడక గోడకు తల ఆనించి నిలబడుతుంది.

సీసం కుళ్లదు, కాలిపోదు. హైదరాబాదు కాటేదాన్ పారిశ్రామిక వాడ మట్టిలో సీసం అధికంగా చేరినట్లు జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వారు 2008లో ప్రకటించినారు. పెంటకుప్పలో వేసిన పెచ్చులు ఎరువుతోపాటు మీ చేనుకే పోతాయి.

ఇప్పుడు మేడ్చల్, శామీర్‌పేట వైపు పాత ఇండ్లకు మరమ్మతులు జోరుగా సాగుతున్నాయి. ఇల్లు అందంగా చేసుకొనే రోజులే పిల్లలకు గండం. పని ముగిసి, ఇల్లంతా తుడిచేవరకు పిల్లలను, గర్భిణులను వేరే ఇంట ఉంచండి. రంగును పొడిగా గీకరాదు, కాల్చరాదు. తడిపి గీకండి, కింద గట్టి ప్లాస్టిక్ పట్టా పరవండి. చీపురుతో ఊడ్చక సబ్బునీళ్ల గుడ్డతో తుడవండి. పెచ్చులను సంచిలో మూటగట్టి, ప్రమాదకర చెత్త అని చెప్పి పురపాలక సిబ్బందికి అప్పగించండి. రంగు వేసిన చెక్కను పొయ్యిలో పెట్టవద్దు. కొత్త రంగు కొనేటప్పుడు డబ్బామీద సీసం సంగతి చదవండి. యంత్రాలకు వేసే రంగును ఇంటి తలుపులకు వేయవద్దు. పిల్లల చేతులు తిండికి ముందు కడగండి. ఇనుము, సున్నపు ధాతువు తక్కువైన ఒంట్లో సీసం ఎక్కువ పడుతుంది, కాబట్టి ఆకుకూర, రాగి జావ, పాలు పెట్టండి. అనుమానముంటే రక్తం పరీక్ష చేయించండి.

మా అన్న బిడ్డ రక్తంలో సీసం మెల్లగా తగ్గుతున్నది. ఐతే అప్పటికే జరిగిన నష్టం ఇంతని తేల్చే పరీక్ష లేదు. అందుకే గీకుడు చిప్ప పట్టకముందే ఇల్లు చూచుకోండి.