రేవులో దిగే హక్కు సరే, రేవు నడిపే హక్కు ఎవరిది?

1927 డిసెంబర్ 24న డాక్టర్ అంబేడ్కర్ దాదాపు రెండు వందల మంది ప్రతినిధులతో కలిసి బొంబాయిలో ‘పద్మావతి’ అనే స్టీమర్ ఎక్కారు. వెళ్ళాల్సింది మహద్ సత్యాగ్రహ సభకు. ధరమ్‌తర్‌లో దిగి బస్సులో వెళ్ళే దారి ఉంది. కానీ బస్సుల యజమానులు ఎక్కించుకోకపోతే ఏం చేయాలన్న భయమూ ఉంది. అందుకే మర్నాడు మధ్యాహ్నం దాస్‌గావ్ అనే చిన్న రేవులో దిగారు. అక్కడి నుంచి మహద్ ఐదు మైళ్ళు. బస్సు దొరక్కపోయినా నడిచి చేరగల దూరం.

మహద్‌లో సభ పెట్టుకోవడానికి సవర్ణులెవరూ స్థలం ఇవ్వలేదు. ఫత్తేఖాన్ అనే ముస్లిం ఇచ్చారు. ఊరి దుకాణాలు సరుకులు అమ్మకపోవడంతో తిండిగింజలు బయటి నుంచి తెచ్చుకున్నారు. చవదార్ చెరువు కథ మనందరికీ తెలుసు. ఆ కథలో ఒక రేవు కూడా ఉందన్న సంగతి మాత్రం అంతగా గుర్తుచేసుకోం. దిగడానికి చోటు, తాగడానికి నీళ్ళు, తినడానికి తిండి, ఉండటానికి నీడ. ఇవాళ టూరిజం శాఖలు ‘సందర్శకుల సదుపాయాలు’ అంటున్నవి ఇవే. అవి ఎవరి చేతుల్లో ఉంటే వాళ్ళే ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో తేలుస్తారని మహద్ చూపించింది.

అబ్దుల్లాపూర్‌మెట్‌లో రేవు మాటెందుకు?

హైదరాబాద్ తూర్పు అంచున, విజయవాడ రోడ్డు మీద ఉన్న అబ్దుల్లాపూర్‌మెట్‌కు సముద్రం లేదు, పెద్ద నదీ లేదు. ఉన్నవి చెరువులు. నగరం పెరిగే కొద్దీ ‘సుందరీకరణ’ పేరుతో చెరువు కట్టలు మారుతున్నాయి. వాకింగ్ ట్రాక్ వస్తుంది, బతుకమ్మ ఘాట్ వస్తుంది, ఆ తర్వాత బోటింగ్ పాయింట్ మాట వస్తుంది. బోటింగ్ పాయింట్ అంటే చిన్న రేవే. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి విగ్రహం దగ్గరికి బోట్లు వెళ్ళే లుంబినీ పార్క్ జెట్టీ అలాంటిదే. గోదావరిలో పాపికొండల యాత్రకు లాంచీలు ఆగే పోచవరం, పేరంటాలపల్లి, గండిపోచమ్మ లాంటివీ అలాంటివే.

కాబట్టి రేవు ఎలా నడుస్తుంది, డబ్బు ఎటు నుంచి ఎటు పోతుంది, చట్టం ఎంతవరకు తోడుంటుంది అన్నవి కట్ట పక్కన ఉండే మన వాడలకూ అవసరమైన విషయాలే. రేవు కట్టక ముందే అవి తెలుసుకోవడం మేలు.

రేవు నడపడమంటే ఏమేం పనులు?

మొదటిది పడవలు కట్టే చోటు. బయటి నుంచి వచ్చే పడవలకు ఒక వైపు, స్థానికుల చేపల పడవలకు ఇంకో వైపు ఉండాలి. రెండూ కలిస్తే నష్టపోయేది స్థానికులే. పెద్ద లాంచీ వచ్చి ఆగితే నాటు పడవకు చోటు మిగలదు. నీటిమట్టం పెద్దగా మారని చోట ఒడ్డున గట్టి గుంజలు పాతి మోకులతో కడతారు. మట్టం బాగా మారే చోట తేలే పంటు కావాలి. అది నీటితో పాటు లేస్తుంది, దిగుతుంది. ఒడ్డుకు దూరంగా కట్టాలంటే అడుగున బరువైన కాంక్రీటు దిమ్మ వేసి, దానికి గొలుసు తగిలించి, పైన తేలే బుంగను పెడతారు. మోకులు అరుగుతాయి, గొలుసులు తుప్పు పడతాయి. వాటిని చూసి మార్చడానికి ఏటా ఖర్చుంటుంది.

రెండోది లెక్క. ఏ పడవ ఎంత మందితో ఎప్పుడు బయలుదేరింది, ఎప్పుడు తిరిగొచ్చింది అన్నది రిజిస్టర్‌లో రాయాలి. పడవ సామర్థ్యం ఎంతో కనిపించేలా రాసి ఉండాలి. లైఫ్ జాకెట్ వేసుకోని మనిషిని ఎక్కనివ్వకూడదు. గాలి, వరద చూసి పడవను ఆపే అధికారం ఒకరికి ఉండాలి. ఆ మనిషి జీతం టికెట్ల అమ్మకం మీద ఆధారపడి ఉండకూడదు. టికెట్ అమ్ముకునే వాడి చేతిలోనే పడవ ఆపే అధికారం పెడితే పడవ ఆగదు.

మూడోది ఒడ్డు మీది సదుపాయాలు: మంచినీళ్ళు, మరుగుదొడ్లు, దీపాలు, జారని మెట్లు, వృద్ధులూ వికలాంగులూ దిగగలిగే వాలుదారి, ప్రథమ చికిత్స పెట్టె, చెత్త తీసే ఏర్పాటు.

నాలుగోది డబ్బు. టికెట్లు, పడవ కట్టినందుకు రుసుము, పార్కింగ్, దుకాణాల అద్దె నుంచి రాబడి వస్తుంది. కాపలా, మరమ్మతు, బీమా, శుభ్రత ఖర్చులు. మామూలుగా ఇదంతా ఒకే లీజుగా బయటి కాంట్రాక్టర్‌కు వెళ్తుంది. అప్పుడు కట్ట కింద వాడకు దక్కేది చివరి పని: చీపురు, మరుగుదొడ్డి.

కచ్చులూరు చెప్పిన పాఠం

2019 సెప్టెంబర్ 15న గండిపోచమ్మ గుడి వైపు నుంచి పాపికొండలకు బయలుదేరిన పర్యాటక బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో మునిగిపోయింది. 26 మంది బతికారు. దాదాపు యాభై మంది చనిపోయారు, గల్లంతయ్యారు. హైదరాబాద్, వరంగల్ వైపు నుంచి వెళ్ళిన వాళ్ళు వారిలో చాలామంది ఉన్నారు. బతికిన వాళ్ళను ముందుగా నీళ్ళలోంచి లాగింది ఒడ్డున ఉన్న గిరిజనులు, తమ నాటు పడవలతో.

ఆ ప్రమాదం తర్వాత 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తొమ్మిది చోట్ల బోటింగ్ కంట్రోల్ రూములు ప్రారంభించింది. గండిపోచమ్మ, సింగన్నపల్లి, పేరంటాలపల్లి, పోచవరం వాటిలో ఉన్నాయి. రెవెన్యూ, పోలీసు, నీటిపారుదల, టూరిజం సిబ్బంది కలిసి పడవలనూ ప్రయాణికులనూ తనిఖీ చేసే ఏర్పాటిది. అవసరమైన పనే. అయితే ఆ నది మలుపులు, సుడులు తెలిసిన మనుషులకు ఆ ఏర్పాటులో ఇచ్చిన చోటు ఏది? ప్రమాదం జరిగినప్పుడు పడవ వేసుకుని వెళ్ళేది వాళ్ళు. రేవు ఎవరు నడపాలన్న చర్చలో వాళ్ళ పేరు రాదు. పేరంటాలపల్లిలో లాంచీ ఆగినప్పుడు కొండరెడ్లు వెదురు బొమ్మలు, బుట్టలు అమ్ముకుంటారు. యాత్ర వల్ల వాళ్ళకు వచ్చేది ఎక్కువగా ఆ కాసేపటి అమ్మకమే.

చట్టం ఎంతవరకు వస్తుంది?

ప్రవేశం విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. రాజ్యాంగం 15(2) అధికరణ ప్రకారం ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే చోట్ల వాడకంలో కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదు. 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 4 నదులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు మరుగుదొడ్లనూ ప్రజా రవాణానూ చేర్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఉమ్మడి వనరుల వాడకాన్ని అడ్డుకోవడం సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) కింద, సామాజిక, ఆర్థిక బహిష్కరణ సెక్షన్ 3(1)(జెడ్‌సీ) కింద నేరాలు.

కనుక బతుకమ్మ ఘాట్ దగ్గర మన ఆడవాళ్ళను పక్కకు జరగమన్నా, జెట్టీ దగ్గర మన పిల్లలను ఎక్కనివ్వకపోయినా కేసు పెట్టే దారి ఉంది. రేవు మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ లేకుండా మనిషిని దించితే అది 2013 చట్టం కింద నేరం. లీజు పత్రంలో ట్యాంకు శుభ్రం యంత్రంతోనే అన్న షరతు లేకపోతే ఆ పనికి ఎవరిని పిలుస్తారో మనకు తెలిసిందే.

అయితే ఈ చట్టాలన్నీ వాడుకునే హక్కు గురించి చెబుతాయి. నిర్వహించే హక్కు గురించి చెప్పవు. టికెట్ కొని పడవ ఎక్కకుండా ఆపితే నేరం. టికెట్లు అమ్మే కమిటీలో ఒక్క దళితుడూ లేకపోతే మాత్రం ఈ సెక్షన్ల కింద నేరం కాదు. అసలు ఖాళీ ఇక్కడే ఉంది.

కాగితం మీది హక్కు సంగతి కూడా మహదే నేర్పింది. చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ అక్కడి మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. అయినా 1927 మార్చి 20 వరకు అంటరానివారు ఆ నీళ్ళు ముట్టుకోలేకపోయారు. ముట్టుకున్నాక దాడి జరిగింది. ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్నే రద్దు చేసుకుంది. బొంబాయి హైకోర్టు తీర్పు వచ్చేసరికి 1937 మార్చి అయింది. తీర్మానం చేసే చోట మనవాళ్ళు లేకపోతే దాన్ని వెనక్కి తీసుకోవడం ఎంత తేలికో దీన్ని బట్టి తెలుస్తుంది.

‘కమ్యూనిటీ’ అంటే ఎవరు?

రేవును స్థానిక సమూహానికే అప్పగిస్తే సరిపోతుందా? పులికాట్ సరస్సును చూస్తే సరిపోదని అర్థమవుతుంది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల మధ్య ఉన్న ఆ సరస్సులో, ముఖ్యంగా తమిళనాడు వైపు, ‘పాడు’ అనే వంతుల పద్ధతి ఉంది. చేపలు బాగా పడే చోట్లను చీటీలు వేసి కుటుంబాలు వంతులవారీగా పంచుకుంటాయి. లోపల ఉన్న వాళ్ళ మధ్య అది ఎంతో న్యాయమైన ఏర్పాటు. కానీ ఆ లోపలికి రావడానికి సంప్రదాయ మత్స్యకార కులంలో పుట్టి ఉండాలి. దళితులు, ఆదివాసులు అంచుల్లో చేతులతో రొయ్యలు పట్టుకుని బతకాల్సి వచ్చింది. లోపల సమానత్వం, చుట్టూ గోడ. కమ్యూనిటీ నిర్వహణ అన్న మాట వినగానే ఆ గోడ ఎక్కడుందో అడగాలి.

ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున ఉన్న మంగళాజోడి కొంత ఆశ కలిగిస్తుంది. ఒకప్పుడు వలస పక్షులను వేటాడిన గ్రామస్థులే ఇవాళ వాటిని కాపాడుతూ, వెదురు గడలతో పడవలు నడుపుతూ, సందర్శకులకు గైడ్లుగా పనిచేస్తున్నారు. 2018లో ఆ గ్రామ ఎకో టూరిజం ట్రస్టుకు ప్రపంచ పర్యాటక సంస్థ అవార్డు వచ్చింది. నీళ్ళ గురించి తెలిసిన మనిషి చదువు తక్కువైనా రేవు నడపగలడని అది నిరూపించింది.

మన దగ్గరికి వస్తే, తెలంగాణ చెరువుల్లో చేపల హక్కు మత్స్య సహకార సంఘాలకు ఉంటుంది. సభ్యత్వం ఎక్కువగా ముదిరాజ్, గంగపుత్ర కులాలకు ఉంది. వాళ్ళ నోటికాడి కూడు లాక్కోమని ఈ వ్యాసం చెప్పడం లేదు. బోటింగ్ లీజు వేరే సంగతి. అది బయటి కాంట్రాక్టర్‌కు పోతే వలలు వేసే చోటు తగ్గి మత్స్యకారులూ నష్టపోతారు, చీపురు తప్ప ఏమీ దక్కక దళితులూ నష్టపోతారు. ఇద్దరూ కలిసి అడగాల్సిన చోటు ఇది. విడివిడిగా అడిగితే ఒకరిని చూపించి ఇంకొకరికి లేదనడం అధికారులకు తేలిక.

సంతకం పెట్టక ముందే అడగాల్సినవి

చెరువు మీద బోటింగ్ ప్రతిపాదన వచ్చిందని తెలియగానే విద్యార్థి, కార్యకర్తల బృందాలు చేయగలిగే పనులున్నాయి.

ఒకటి, లీజు ముసాయిదా, ప్రాజెక్టు నివేదిక కాపీలను సమాచార హక్కు చట్టం కింద అడగాలి. కాలపరిమితి ఎంత, రాబడిలో స్థానిక సంస్థ వాటా ఎంత, దుకాణాలు ఎవరికి అన్నవి అందులో తేలుతాయి.

రెండు, ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి సొమ్ము ఇందులో వాడుతున్నారా అని అడగాలి. 2017 చట్టం కింద ఆ నిధి ఉంది. దాని సొమ్ము ఆ వర్గాలకే నేరుగా ఉపయోగపడాలి. ఘాట్ అందరిదీ కాబట్టి దళితులదీ అన్న జవాబుకు ఒప్పుకోకూడదు.

మూడు, నిర్వహణ కమిటీలో దళిత మహిళలతో సహా వాడ ప్రతినిధులకు ఓటు హక్కున్న సభ్యత్వం కావాలి. ఆహ్వానితులుగా కూర్చోబెడితే కుదరదు. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం 1995 కింద వాడ వాళ్ళూ మత్స్యకారులూ కలిసి ఒక సంఘంగా నమోదై, ఆ సంఘమే లీజు అడగవచ్చు.

నాలుగు, పనుల పంపకం రాసి ఉండాలి. సరంగు, టికెట్ గుమాస్తా, లైఫ్‌గార్డు, మెకానిక్ ఉద్యోగాలకు వాడ పిల్లలకు శిక్షణ ఇవ్వాలి. ఊడ్చే పని ఒకే కులానికి అంటకూడదు, వంతుల మీద సాగాలి.

ఐదు, రిజిస్టర్, జమాఖర్చులు నెలనెలా రేవు దగ్గరే బోర్డు మీద పెట్టాలి.

2023 ఏప్రిల్ 14న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. సాగర్ మధ్యలో బుద్ధుడు, ఒడ్డున బాబాసాహెబ్. ఆ ఇద్దరి మధ్య రోజూ పడవలు తిరుగుతుంటాయి. దాస్‌గావ్ రేవులో దిగిన మనిషికి విగ్రహం కట్టడంతో పాటు, ఈసారి మన చెరువు మీద రేవు కడితే దాని తాళం చెవి ఎవరి చేతికి ఇస్తారన్నది కూడా తేలాలి. ఆ సంగతి శంకుస్థాపన రోజున అడిగితే ఆలస్యమైపోతుంది. ప్రతిపాదన గ్రామసభకో, మున్సిపల్ సమావేశానికో వచ్చిన రోజే అడగాలి.